సంక్రాంతికి ఊరెళ్తున్నారా? షుగర్ జబ్బు తగ్గిన పిల్లి ఇంట్లో ఉంటే ఈ జాగ్రత్తలు

మా పిల్లి బొగ్గుకి ఇన్సులిన్ ఆపేసిన ఆరు నెలలకి సంక్రాంతి వచ్చింది. ఇంక బాగైపోయిందనే ధైర్యంతో తాళం పక్కింటి ఆంటీకి ఇచ్చి ఊరెళ్ళాం. ఐదు రోజుల తర్వాత వచ్చి చూస్తే నీళ్ళ గిన్నె ఎండిపోయి ఉంది, లిట్టర్ డబ్బాలో మూత్రంతో గడ్డకట్టిన పిడికిలంత ఉండలు, వాటి చుట్టూ చీమలు. మర్నాడు చెవి అంచున గుచ్చి చూస్తే 312. "మీరు లేరని బెంగ పెట్టుకుందమ్మా, పాపం. అందుకే రోజూ కాస్త పాలన్నం కలిపి పెట్టా" అంది ఆంటీ. ఆవిడ తప్పేం లేదు. ఏం పెట్టాలో చెప్పాను గానీ, ఏం పెట్టకూడదో చెప్పలేదు. మళ్ళీ రెండు నెలలు ఇన్సులిన్ పొడవాల్సి వచ్చింది.

రెమిషన్ అంటే కనీసం నాలుగు వారాలపాటు ఇన్సులిన్ లేకుండా షుగర్ మామూలుగా ఉండటం. అంతే, జబ్బు పోయిందని కాదు. పిల్లులకి ఎక్కువగా వచ్చేది మనుషుల టైప్ 2 లాంటి షుగరే. ఇన్సులిన్ తయారుచేసే క్లోమ కణాల్లో కొన్ని దెబ్బతింటాయి, కొన్ని అలిసిపోతాయి. మందుతో, తిండితో షుగర్ దిగాక ఆ అలిసినవి తేరుకుంటాయి. దెబ్బతిన్నవి మాత్రం తిరిగి రావు. కాబట్టి ఉన్న కొద్దిపాటి బలంతోనే పిల్లి నెట్టుకొస్తుంది. దాదాపు నాలుగు పిల్లుల్లో ఒకదానికి షుగర్ తిరగబెడుతుంది. తిండి మారడం, ఇల్లు మారడం, ఒంట్లో బాగోకపోవడం, ఇవన్నీ ఒకేసారి వచ్చిపడేది మనం ఊరెళ్ళినప్పుడే.

బయల్దేరడానికి వారం పది రోజుల ముందు బరువు చూడండి, రెండు మూడు రోజులు షుగర్ చూసి రాసిపెట్టుకోండి. పిల్లికి 80 నుంచి 120 దాకా మామూలు. మనుషుల గ్లూకోమీటర్ పిల్లి రక్తంలో షుగర్‌ని ఉన్నదానికంటే తక్కువ చూపించే అవకాశం ఎక్కువ. అది తప్ప వేరే లేకపోతే ఎప్పుడూ అదే మీటర్‌తో చూడండి, అంకె కంటే మార్పు ముఖ్యం. వేర్వేరు రోజుల్లో రెండు మూడుసార్లు 150 దాటితే టికెట్ల సంగతి తర్వాత, ముందు డాక్టర్ దగ్గరికి. ఒక్కసారి ఎక్కువ వస్తే మాత్రం టెన్షన్ పడకండి. భయపడిన పిల్లికి షుగర్ లేకపోయినా క్లినిక్‌లో 250, 300 కనిపిస్తుంది. నిజమేదో తేల్చడానికి ఫ్రక్టోసమైన్ అనే రక్తపరీక్ష ఉంది. అది గత వారం రెండు వారాల సగటు చెప్తుంది, ఆ పూట భయం దాన్ని మార్చదు.

మూత్రంలో ముంచే స్ట్రిప్‌ని నమ్ముకుని ఊరెళ్ళకండి. రక్తంలో షుగర్ సుమారు 250 దాటితే గానీ పిల్లి మూత్రంలోకి రాదు. స్ట్రిప్ రంగు మారిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు.

ఇక అసలు గొడవ తిండి దగ్గర. నాలుగు రోజులు ఊరెళ్ళేవాళ్ళు ఆటోమేటిక్ ఫీడర్ కొంటారు. దాంట్లో పోయగలిగేది ఎక్కువగా డ్రై ఫుడ్డే. గింజలా గట్టిపడాలంటే పిండిపదార్థం కావాలి, పిల్లికి పనికిరానిదీ అదే. పిల్లి పూర్తిగా మాంసాహారి, దాని లాలాజలంలో పిండిని అరిగించే ఎంజైమ్ కూడా ఉండదు. ప్యాకెట్ మీద కార్బోహైడ్రేట్ అంకె చాలాసార్లు వేయరు, మనమే లెక్కకట్టాలి. ప్రోటీన్, కొవ్వు, పీచు, తేమ, బూడిద (అంటే ఖనిజాలు) కలిపి 100లోంచి తీసేస్తే మిగిలేది పిండి. ఉదాహరణకి 32, 12, 4, 10, 8 ఉన్న డ్రై ఫుడ్‌లో 34 మిగులుతుంది. అంటే గిన్నెలో మూడోవంతు పిండే. 10, 4, 1, 80, 2 ఉన్న వెట్ ఫుడ్‌లో మిగిలేది 3. నీళ్ళు తీసేసి చూసినా వందకి 15, డ్రై ఫుడ్‌కి అదే లెక్కన 38. వెట్ ఫుడ్‌లోనూ చిక్కటి గ్రేవీ ఉన్నవాటిలో గంజి కలిపి ఉంటుంది, ముద్దలా ఉండేవి నయం.

కాబట్టి డ్రై ఫుడ్ ఇంట్లోంచి తీసేయండి. డబ్బా కనపడితే చూసుకునేవాళ్ళు జాలితో వేసేస్తారు. వెట్ ఫుడ్ పౌచ్‌లు ఏ రోజువి ఆ రోజు కవర్లో కట్టి, మీద తేదీ రాసిపెట్టండి. ప్రయాణం ముందు వారంలో కొత్త బ్రాండ్ మొదలుపెట్టకండి. పాలన్నం, పెరుగన్నం, చేపల పులుసు కలిపిన అన్నం, ఈ మూడూ వద్దని పేరుపేరునా చెప్పండి. "అన్నం పెట్టొద్దు" అంటే "అన్నం కాదు, కొంచెం పెరుగన్నం" అనుకునేవాళ్ళున్నారు మరి. అరిసెల గురించి బెంగ అక్కర్లేదు, పిల్లి నాలుకకి తీపి తెలియదు. కనుమ నాటి మాంసం కూరతోనే భయం. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి రక్తకణాలని పాడుచేస్తాయి.

తినకపోవడం ఇంకా ప్రమాదం. ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పట్టి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే రోజుకి రెండు ఫొటోలు అడగండి: తిన్నాక గిన్నె, ఎత్తే ముందు లిట్టర్. నేనైతే బోర్డింగ్‌లో పెట్టను. కుక్కల అరుపుల మధ్య బోనులో కూర్చునే కంటే తన ఇంట్లోనే ఉండి, రోజుకి రెండుసార్లు ఎవరో ఒకరు వచ్చి చూడటం పిల్లికి మేలు.

ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పిల్లి బుట్టకి అతికించండి: "దీనికి షుగర్ వచ్చి తగ్గింది. నన్ను అడగకుండా స్టెరాయిడ్ ఇవ్వొద్దు." పక్కన మీ డాక్టర్ నంబర్ కూడా. మనం లేనప్పుడు పిల్లి గోక్కుంటోందని ఎవరో తీసుకెళ్తారు, కొత్త డాక్టర్‌కి పాత సంగతి తెలియదు, దురదకి ఒక ఇంజెక్షన్ వేస్తారు. ఎక్కువకాలం పనిచేసే మిథైల్‌ప్రెడ్నిసొలోన్ లాంటిది ఒక్క డోసు చాలు, షుగర్ పెరిగి నెలల కష్టం పోతుంది. మాత్రైతే ఆపొచ్చు, ఒంట్లోకి పోయిన డిపో ఇంజెక్షన్‌ని వెనక్కి లాగలేం. ఆస్తమా లాంటి వాటికి స్టెరాయిడ్ తప్పకపోవచ్చు. అప్పుడైనా పాత జబ్బు తెలిసిన డాక్టరే నిర్ణయించాలి. చిగుళ్ళ వాపు, మూత్రంలో ఇన్ఫెక్షన్ కూడా షుగర్ పెంచుతాయి. నోటి వాసన వస్తుంటే పళ్ళ పని నెల ముందే చేయించేయండి, పండగ వారంలో కాదు.

ఫ్రిజ్‌లో మిగిలిన ఇన్సులిన్ ఉందా? చూసుకునేవాళ్ళ చేతికి అందనివ్వకండి. బెంగతో పెరిగిన షుగర్ చూసి ఎవరైనా పొడిస్తే, బెంగ తగ్గగానే షుగర్ పాతాళానికి పోతుంది. పైగా మన మెడికల్ షాపుల్లో ఎర్ర మూత 40 యూనిట్ల సిరంజి, నారింజ మూత 100 యూనిట్ల సిరంజి రెండూ దొరుకుతాయి. మి.లీ.కి 100 యూనిట్లుండే మందుని 40 సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు పోతుంది. ఏ కారణంతోనైనా షుగర్ పడిపోయి పిల్లి తూలుతూ ఉంటే చిగుళ్ళకి తేనె రాసి, వెంటనే క్లినిక్‌కి పరిగెత్తాలి. తెలివిలో లేకపోతే నోట్లో ఏదీ పోయకూడదు.

భోగి నుంచి కనుమ దాకా ఏ క్లినిక్ తెరిచి ఉంటుందో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. బోర్డు మీద 24 గంటలు అని ఉన్నంత మాత్రాన పండగ నాడు డాక్టర్ ఉంటారని కాదు, ఇది అనుభవం. నీళ్ళు ఎక్కువ తాగుతోంది, ఉండలు పెద్దవయ్యాయి అంటే ఒకటి రెండు రోజుల్లో చూపించొచ్చు. వాంతులు, తిండి మానేయడం, మూల దాక్కుని లేవకపోవడం, రొప్పడం కనిపిస్తే మాత్రం రక్తంలో విషంలా పేరుకునే కీటోన్లు పెరిగి ఉండొచ్చు, ఆ పూటే తీసుకెళ్ళాలి.

తిరిగొచ్చిన వెంటనే షుగర్ చూడటానికి సూది పట్టుకోకండి. మర్నాటి దాకా ఆగి, సర్దుకున్నాక చూడండి. తర్వాత నెల రోజులు వారానికోసారి షుగర్, బరువు.

ఈసారి ఆంటీకి తాళంతోపాటు పౌచ్‌ల కవర్లు కూడా ఇచ్చాను. "మరి కనుమ రోజు కూడా ఇదేనా దీని మొహానికి?" అంది. ఉప్పూ కారం లేకుండా ఉడకబెట్టిన చికెన్ ముక్క ఒకటి, బొటనవేలంత, పెట్టొచ్చన్నాను. ఒకటే అని రెండుసార్లు చెప్పాను.