కెమెరా బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతుంటే...

సింగరాయకొండ దగ్గర మా బావ రొయ్యల చెరువులకు 12 కెమెరాలున్నాయి. రికార్డింగ్ అంతా షెడ్డులోని పాత లైనక్స్ పీసీలోనే. బొమ్మ ఊరికే విరిగిపోతుంటే కేబుల్ తప్పనుకుని రెండుసార్లు మార్చాం, డబ్బులు దండగ.

అసలు తప్పు పీసీ నెట్‌వర్క్ కార్డుకు బఫర్లు (వచ్చిన డేటాను కాసేపు పట్టి ఉంచే చోట్లు) చాలకపోవడం కావొచ్చు. టెర్మినల్‌లో సుడో (అడ్మిన్ అనుమతి) పెట్టి 'ఈథ్‌టూల్ మైనస్ పెద్ద ఎస్', తర్వాత నెట్‌వర్క్ కార్డు పేరు కొట్టండి; ఈథ్‌టూల్ అంటే ఆ కార్డు సెట్టింగులు చూసే, మార్చే కమాండు. 'ఆర్‌ఎక్స్ నో బఫర్ కౌంట్' (డేటా వచ్చినప్పుడు ఖాళీ బఫర్ దొరకని సార్లు) పెరుగుతూ ఉంటే బఫర్లు పెంచడం పనికొస్తుంది. అదే కమాండులో పెద్ద ఎస్ బదులు మైనస్ చిన్న జి కొడితే ఇప్పుడెన్ని బఫర్లున్నాయో, గరిష్ఠంగా ఎన్ని పెట్టొచ్చో చూపిస్తుంది. మాది ఇంటెల్ కార్డు: 256 ఉంది, 4096 దాకా పోవచ్చు. మైనస్ పెద్ద జి, కార్డు పేరు, ఆర్‌ఎక్స్ 1024 అని కొట్టాను. పాలకేంద్రంలో క్యాన్లలాగే ఈ బఫర్లూ తిరిగి తిరిగి వాడుకునేవే. ఖాళీవి వెనక్కి రావడం ఆలస్యమైతే వచ్చిన పాలు నేలపాలే. ఒకేసారి 4096 పెట్టకండి, లైవ్ వెనకబడొచ్చు.

మార్చేటప్పుడు లింకు ఒక్క క్షణం తెగొచ్చు. రీస్టార్ట్ చేస్తే మళ్లీ 256కే వస్తుంది, పీసీ ఆన్ కాగానే దానంతటదే నడిచే బూట్ స్క్రిప్టులో ఈ కమాండు పెట్టుకోండి. కొన్ని చౌక కార్డులు అసలు మార్చనివ్వవు. మార్చినా కౌంట్ పెరుగుతూనే ఉంటే ప్రాసెసర్‌కే ఊపిరాడట్లేదేమో చూడండి.