గుండె స్కాన్ చదవడం – 3వ పాఠం: రంగు వెలిసిన చోట ప్రాణం ఉందా?

గత పాఠంలో ఎడమ జఠరికను 17 భాగాలుగా విడగొట్టి, ఏ భాగానికి ఏ ధమని రక్తం పంపుతుందో చూశాం. ముందు గోడ, సెప్టంలో (రెండు జఠరికల మధ్య గోడలో) ఎక్కువ భాగం, కొన ఎల్‌ఏడీ అనే ఎడమ ముందు ధమనివి. కింది గోడ చాలామందిలో కుడి ధమనిది. పక్క గోడ సర్కమ్‌ఫ్లెక్స్ ధమనిది. ఇది నోటికి రాకపోతే ముందు ఆ పాఠం మళ్లీ చదివి రండి.

ఇవాళ్టి స్కాన్ గుండెపోటు వచ్చి కొన్ని నెలలైన మనిషిది. విశ్రాంతిలో తీసిన సెస్టమిబి చిత్రం. సెస్టమిబి రక్తంతోపాటు గుండె కండరంలో చేరే రేడియోధార్మిక మందు; రక్తం తక్కువ అందినచోట రంగు వెలిసి కనిపిస్తుంది. ముందు గోడలో, కొన దగ్గర రంగు వెలిసింది. ఎకోలోనూ ఆ గోడ కదలడం లేదు. కొత్తవాళ్లు వెంటనే ‘మచ్చ’ (చచ్చిపోయిన కండరం) అని రాసేస్తారు. దయచేసి ఆగండి. ఆ ఒక్క మాట చూసి, బతికించగలిగిన కండరాన్ని డాక్టర్లు వదిలేసుకోవచ్చు.

కదలని కండరమంతా చచ్చినది కాదు. గుండెపోటు దెబ్బకు మ్రాన్పడిపోయి, రక్తం తిరిగి అందాక కొన్ని రోజుల్లోనో వారాల్లోనో తానే తేరుకునేది ఒకటుంది. దాన్ని స్టన్డ్ అంటాం. దానికి రక్తం దాదాపు మామూలుగానే అందుతుంది కనుక రంగు బాగానే ఉంటుంది, కదలికే ఉండదు. మనల్ని తికమకపెట్టేది హైబర్నేటింగ్ కండరం. చాలాకాలం రక్తం చాలక, ఉన్నదాంతో ప్రాణం నిలుపుకుంటూ పని మానేసింది. రంగూ లేదు, కదలికా లేదు. అచ్చం మచ్చలాగే కనిపిస్తుంది.

హైబర్నేటింగ్ కండరాన్నీ మచ్చనూ విడదీయాలంటే కణం తిండి తింటోందా అని అడగాలి. అందుకే ఎఫ్‌డీజీ పెట్ స్కాన్. ఎఫ్‌డీజీ గ్లూకోజ్ లాంటిదే, స్కాన్‌లో కనబడేలా రేడియోధార్మిక ఫ్లోరిన్-18 తగిలించి ఉంటుంది. రక్తం చాలని కండరం కొవ్వును వదిలి చక్కెర మీద ఆధారపడుతుంది. కాబట్టి రక్తప్రసరణ తక్కువై, చక్కెర బాగా పట్టితే ఆ కండరం బతికుంది. దీన్ని మిస్‌మ్యాచ్ అంటాం. రెండూ తక్కువైతే మచ్చ.

ఇక్కడ నేను ఎంత చెప్పినా తక్కువే అనిపించే విషయం తయారీ. స్కాన్‌కు ముందు గ్లూకోజ్ ఇచ్చి, అవసరమైతే ఇన్సులిన్ కూడా ఇచ్చి, గుండెను చక్కెర వైపు మళ్లించాలి. మధుమేహం ఉన్నవారిలో ఇది కష్టం. తయారీ కుదరకపోతే గుండె మొత్తం చక్కెర పట్టదు. అప్పుడు ఆరోగ్యకరమైన గోడ కూడా వెలిసిందేమో ముందు చూడండి. వెలిసి ఉంటే ఆ స్కాన్‌తో తీర్పు చెప్పకూడదు.

పెట్ లేనిచోట థాలియం-201 అనే రేడియోధార్మిక మందు పనికొస్తుంది. పొటాషియంలాగే బతికున్న కణం పొర దాన్ని లోపలికి లాక్కుంటుంది. అర్ధాయువు 73 గంటలు కనుక 4 గంటలకు, మళ్లీ 24 గంటలకు తీసి చూడొచ్చు. మొదట వెలిసిన చోట తర్వాత రంగు నిండితే అక్కడ ప్రాణం ఉన్నట్టే.

బతికుందని తేలగానే బైపాస్ ఖాయమనుకోకండి. బైపాస్‌ను మందులతో పోల్చిన స్టిచ్ పరిశోధన నుంచి 2011లో వెలువడిన ఫలితాల్లో, బతికున్న కండరం ఉన్నవారికీ లేనివారికీ బైపాస్ వల్ల కలిగే లాభంలో స్పష్టమైన తేడా తేలలేదు. మన రిపోర్టు ఆ నిర్ణయానికి ఒక ఆధారం మాత్రమే.

అభ్యాసం: గుండెలో అత్యధికంగా రంగు పట్టిన చోటును 100గా లెక్కిస్తే, ఒకరి పక్క గోడలో సెస్టమిబి 45, ఎఫ్‌డీజీ 85, కదలిక లేదు. ఇంకొకరి కింది గోడలో సెస్టమిబి 60, కానీ గుండె ముడుచుకున్నప్పుడల్లా గోడ చక్కగా మందమవుతోంది. రెండోదానిలో కండరం కంటే ముందు డయాఫ్రం (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర) నీడను అనుమానించండి. ఒక్కొక్కదానికి రెండు వాక్యాల రిపోర్టు రాసి ఉంచండి. 4వ పాఠం వాటితోనే మొదలవుతుంది.