హైదరాబాద్ నుంచి డల్లాస్: ఎంత దూరం, ఎన్ని గంటలు?

డల్లాస్‌లో పిల్లలున్న మా వీధివాళ్ళు టికెట్టు కొనే ముందు ఒకసారి మా ఇంటికి వస్తారు. బడిలో సోషల్ చెప్పి రిటైరైన నా దగ్గర ఒక మంచి గ్లోబు ఉంది మరి.

దూరం కొలవడానికి గోడపటం మీద స్కేలు పెట్టకండి, అది తప్పు దారి చూపిస్తుంది. గ్లోబు మీద భూమధ్యరేఖ వెంట దారం చుట్టి కొలవండి. నా గ్లోబుకు 96 సెంటీమీటర్లు వచ్చింది. భూమి చుట్టుకొలత దాదాపు 40,000 కిలోమీటర్లు కాబట్టి ఒక్కో సెంటీమీటరు సుమారు 417 కిలోమీటర్లు. ఇప్పుడు దారాన్ని హైదరాబాద్ నుంచి డల్లాస్‌కు బిగించి పట్టుకోండి. అది యూరప్‌ను వదిలేసి ఉత్తర ధ్రువం పక్కకు జారుతుంది! ఈ రెండు ఊళ్ళ రేఖాంశాల మధ్య తేడా 175 డిగ్రీలు మరి, దాదాపు ఎదురెదురు. దారం పొడవు 34న్నర సెంటీమీటర్లు, అంటే సుమారు 14,400 కిలోమీటర్లు.

అయితే మనం ఆ దారిలో వెళ్ళం. ఖతార్‌లోని దోహాలో దిగి మారితే మొదటి విమానం 2,900, రెండోది 12,750 కిలోమీటర్లు. చుట్టుదారి వల్ల పెరిగేది 1,250 మాత్రమే.

ఇక గంటలు. పడమరకు వెళ్ళే సుదూర విమానానికి, రన్‌వే దాకా పాకే సమయంతో కలిపి, గంటకు 800 కిలోమీటర్లు వేసుకోండి. దోహా నుంచి డల్లాస్ 16 గంటలు వస్తుంది. తిరుగు ప్రయాణంలో పడమటి నుంచి వీచే పైగాలులు వెనక నుంచి తోస్తాయి కనుక గంటకు పైగా తగ్గుతుంది.

టికెట్టు మీద ఉండేవన్నీ ఆయా ఊళ్ళ స్థానిక సమయాలే. జూలైలో తెల్లవారుజామున 4 గంటలకు ఇక్కడ బయలుదేరి, అదే రోజు సాయంత్రం 4 గంటలకు డల్లాస్ చేరినట్టు ఉంటే ప్రయాణం 12 గంటలు కాదు. వేసవిలో డల్లాస్ మనకంటే 10న్నర గంటలు వెనక. అది కలిపితే 22న్నర. శీతాకాలంలో అయితే 11న్నర కలపాలి. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి. తిరిగి వచ్చేటప్పుడు ఇదే తేడాను తీసివేయాలి. జూలైలోనే సోమవారం సాయంత్రం 6కు అక్కడ ఎక్కి బుధవారం తెల్లవారుజామున 2న్నరకు ఇక్కడ దిగితే, 32న్నరలో 10న్నర పోగా 22 గంటలు.

వెళ్ళేటప్పటి ఆ 22న్నరలో దోహా దాకా నాలుగున్నర, అక్కడి నుంచి 16, మొత్తం విమానాల్లో గడిపేది 20న్నర, దోహాలో మిగిలేది 2 గంటలే. కుర్రవాళ్ళకు సరే. మోకాళ్ళ నొప్పులున్న తల్లిదండ్రులకు నేనైతే 3, 4 గంటల విరామం ఉన్న టికెట్టే తీసుకోమంటాను. ప్రయాణ సమయం తక్కువని మురిసిపోవద్దు. అమెరికా విమానానికి గేటు దగ్గర మళ్ళీ తనిఖీ ఉండవచ్చు, వీల్‌చైర్ కోసం ఆగాల్సి రావచ్చు. వీల్‌చైర్ కావాలని టికెట్టు తీసుకునేటప్పుడే రాయించండి.