కుక్కకు పచ్చి మాంసం పెట్టాలనుకుంటే ముందు మటన్ షాపు సంగతి తెలుసుకోండి

మా నల్లోడు 20 కిలోల నాటు కుక్క. వాడికి ప్యాకెట్ ఫుడ్ బదులు తాజా మాంసం పెడతానని తెలిసినవాళ్లు మొదట అడిగేది ఒక్కటే, "పచ్చిదేనా?" అని. కోడి మెడలు పచ్చివే పెడతాను. మేక, గొర్రె లోపలి భాగాలు మాత్రం ఉడికించకుండా గిన్నెలో వేయను.

మాది కర్నూలు. గొర్రెల మందలు ఎక్కువగా తిరిగే ప్రాంతం. మటన్ షాపుల ముందు కాచుకుని ఉండే కుక్కలకు ఊపిరితిత్తుల ముక్కో, నీటి బుడగలున్న కార్జం ముక్కో విసిరేస్తుంటారు. ఆ బుడగల్లో ఉండేది ఒక బద్దెపురుగు పిల్లదశ. అది కుక్క పేగుల్లోకి చేరి మిల్లీమీటర్ల పురుగుగా ఎదుగుతుంది. కుక్క మామూలుగానే కనిపిస్తుంది. దాని మలంలో వచ్చే గుడ్లు బొచ్చుకు అంటుకుని, మన చేతుల మీదుగా కడుపులోకి పోతే మన కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీళ్లు నిండిన హైడాటిడ్ తిత్తులు పెరుగుతాయి. చాలామందికి ఆపరేషనే దిక్కవుతుంది. అందుకే మేక కార్జం, కిడ్నీ, తిల్లి ఏదైనా సరే, అరగంట బాగా ఉడకాలి. కోడి కార్జంతో ఈ పురుగు భయం లేదు. నేను ఎక్కువగా అదే తెస్తాను. ప్రాజిక్వాంటెల్ ఉన్న పురుగుల మందు ఎన్నాళ్లకోసారి వేయాలో పశువుల డాక్టర్‌ని అడిగి, ఆ తేదీలు తప్పకండి.

ఇక కొలతలు. ఎదిగిన కుక్కకు దాని బరువులో రెండు నుంచి మూడు శాతం తిండి సరిపోతుంది. నల్లోడికి రోజుకు అర కిలో. పచ్చి మాంసం పెట్టేవాళ్లు చెప్పుకునే లెక్క ప్రకారం అందులో 400 గ్రాముల మాంసం, 50 గ్రాముల ఎముక, 25 గ్రాముల కార్జం, 25 గ్రాములు కిడ్నీ లేదా తిల్లి. గుండెకాయ, కందనకాయ మాంసం కిందికే వస్తాయి. కోడి మెడలో మూడో వంతుకు పైగా ఎముకే కాబట్టి 150 గ్రాముల మెడలు వేస్తే ఎముక లెక్క తీరిపోతుంది. రోజూ గ్రాములు తూచనక్కర్లేదు, వారం మొత్తానికి సరిపడితే చాలు. ఈ లెక్కలోనూ జింక్, అయోడిన్, విటమిన్ ఇ తగ్గే అవకాశం ఉంది. వాటికి ఏం కలపాలో డాక్టర్‌తో మాట్లాడండి. ఎదిగే కుక్కపిల్లలకైతే ఈ లెక్క అసలు వాడకండి. కాల్షియం తేడా వస్తే ఎముకలు వంకరపోతాయి.

ఉడికించిన ఎముక ఎప్పుడూ వద్దు. కూరలో మిగిలిన చికెన్ ఎముకలు ప్రేమగా వేసే పెద్దవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు, వాళ్లకు మళ్లీ మళ్లీ చెప్పాలి. ఉడికిన ఎముక చీలికలై పేగును కోస్తుంది. పైగా కూరలో ఉల్లి, వెల్లుల్లి ఉంటాయి, అవి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. అన్నం విషం అనేవాళ్ల మాట మాత్రం నమ్మకండి. పెరుగన్నం తిని మన కుక్కలు తరతరాలుగా బతికాయి. కొంచెం అన్నం, ఉడికించిన గుమ్మడి ముక్కలు కలిపితే తప్పేం లేదు.

పచ్చి కోడి మాంసంలో సాల్మొనెల్లా అనే బాక్టీరియా ఉండొచ్చు. ఫ్రీజర్ దాన్ని చంపదు, ఆపుతుంది అంతే. ఇంట్లో పసిపిల్లలు, గర్భిణులు, ముసలివాళ్లు, క్యాన్సర్ మందులు వాడేవాళ్లు ఉంటే పచ్చి మాంసం జోలికి పోవద్దు. మా చెల్లెలు పసిబిడ్డతో పుట్టింట్లో ఉన్నన్నాళ్లు మెడలు మానేసి, ఎముక లేని మాంసం ఉడికించి పెట్టాను. అప్పుడు కాల్షియం కోసం కోడిగుడ్డు పెంకులు మరిగించి, ఎండబెట్టి, మిక్సీలో మెత్తగా పొడి చేసి అర కిలో మాంసానికి అర టీస్పూను కలపాలి. ఇది మర్చిపోతే ఎంత మంచి మాంసం పెట్టినా కుక్క ఎముకలు బలహీనపడతాయి.

పచ్చిది పెట్టేవాళ్లు పొద్దున్నే, మొదటి కోళ్లు కొట్టేటప్పుడే షాపుకి వెళ్లండి. కుక్క మాంసానికి వేరే కత్తి, వేరే పలక, స్టీలు గిన్నె ఉండాలి. గడ్డకట్టిన మాంసాన్ని రాత్రి ఫ్రిజ్ కింది అరలో పెట్టి కరగనివ్వండి. కరెంటు పోయి గంటల తరబడి మెత్తబడితే, వాసన తేడాగా లేకపోయినా పారేయండి. ఇరవై నిమిషాల్లో తినకపోతే గిన్నె తీసేసి వేడినీళ్లతో కడగండి. తిన్న మూతితో పిల్లల ముఖం నాకనివ్వొద్దు.

మొదలుపెట్టేటప్పుడు తొందరపడకండి. పాత తిండి తగ్గిస్తూ, పది రోజుల్లో మెల్లగా మార్చండి. ముందు ఒక్క కోడి మాంసమే, కార్జం చివర్లో చేర్చాలి. మలం తెల్లగా పొడిపొడిగా వస్తే ఎముక ఎక్కువైంది. నల్లగా, జారుగా వస్తే కార్జం తగ్గించి చూడండి. తగ్గించినా నల్లగానే వస్తున్నా, రక్తం కనిపించినా, వాంతులు ఆగకపోయినా, ముక్కుతూ మలం రాక ఇబ్బంది పడుతున్నా ఇంటి వైద్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ముందు రోజు ఏం పెట్టారో, అందులో ఎముక ఎంత ఉందో ఆయన అడగకముందే చెప్పండి.