పాత అంబాసిడర్ ముందు భాగాన్ని తిరిగి బిగించడం ఎలా? ఫెండర్లు, బానెట్, గ్రిల్ సందులు కుదిర్చే పద్ధతి

తుప్పు తీసి, రేకు పని ముగించి, ప్రైమర్ కొట్టిన పాత కారు దగ్గర నిలబడితే ఎవరికైనా ముందుగా బానెట్ పెట్టి చూడాలనిపిస్తుంది. కారుకు ముఖం వచ్చిందన్న తృప్తి అప్పుడే కలుగుతుంది కాబట్టి ఆ తొందర సహజమే. అయితే ముందు భాగం సందులు కుదరకపోవడానికి చాలాసార్లు మూలకారణం ఆ తొందరే. బానెట్ సందును ఫెండరు (ముందు చక్రం మీది రేకు) నిర్ణయిస్తుంది, ఫెండరు సందును ముందు తలుపు నిర్ణయిస్తుంది, ముందు తలుపు సందును వెనుక తలుపు నిర్ణయిస్తుంది. కనుక పని వెనుక నుంచి ముందుకు నడవాలి. హన్మకొండలో మా నాన్నగారి 1978 మోడల్ మార్క్ 3 అంబాసిడర్‌ను బాగుచేసుకున్నప్పుడు ఈ వరుస తెలియక నెల రోజుల పని రెండుసార్లు చేయవలసి వచ్చింది. అప్పుడు నేర్చుకున్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

అంబాసిడర్ నిర్మాణాన్ని ముందుగా అర్థం చేసుకోవాలి. ఇంగ్లండుకు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా రూపొంది, పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 2014 వరకు తయారైన ఈ కారుకు లారీకి ఉన్నట్టు విడి ఛాసిస్ ఉండదు. నేల రేకు, పిల్లర్లు, పైకప్పు కలిపి వెల్డింగ్ చేసిన బాడీయే బరువంతా మోస్తుంది. ముందు ఫెండర్లు, బానెట్, గ్రిల్ దానికి బోల్టులతో బిగించే భాగాలు. బాడీని ఎక్కడ జాకీ మీద నిలబెట్టామన్నదాన్ని బట్టి అది కొద్దిగా వంగుతుంది, ఆ వంపు తలుపుల సందుల్లో కనిపిస్తుంది. అందుకే ఇంజన్, గేర్‌బాక్సు లోపల ఉండగా, కారు తన నాలుగు చక్రాల మీద చదునైన గచ్చుపై నిలిచి ఉండగానే కొలతలు తీసుకోవాలి. ఇంజన్ దింపిన కారులో కుదిర్చిన సందు ఇంజన్ ఎక్కించాక అలాగే నిలుస్తుందని నమ్మడానికి లేదు.

మొదటి పని: బాడీ నిటారుగా ఉందో లేదో చూడటం

ఇంజన్ గదిలో ఎడమవైపు వెనుక బోల్టు రంధ్రం నుంచి కుడివైపు ముందు రంధ్రానికి టేపుతో కొలవండి, తరువాత కుడి వెనుక నుంచి ఎడమ ముందుకు కొలవండి. రెండు కొలతల మధ్య తేడా 3 మి.మీ. లోపు ఉంటే ముందుకు సాగవచ్చు. అంతకు మించితే ఎప్పుడో తగిలిన దెబ్బ వల్ల ముందు భాగం పక్కకు జరిగిందని అర్థం. దాన్ని లాగి సరిచేయకుండా బోల్టుల దగ్గర ఎంత సర్దినా ఫలితం ఉండదు. తలుపుల కింద ఉండే సిల్ రేకు తుప్పుపట్టి ఉంటే దాని పని కూడా ఈ దశలోనే ముగియాలి.

రెండో పని: తలుపులు

మేము రెండుసార్లు ఫెండరు బిగించి విఫలమైన తరువాత, ములుగు రోడ్డు వైపు పనిచేసే పెద్ద వయసు టింకరింగ్ ఉస్తాద్ ఒకాయన వచ్చి చూశారు. ఆయన ఫెండరును ముట్టుకోలేదు. ముందు తలుపు తెరిచి, దాని వెనుక అంచును రెండు చేతులతో పట్టుకొని పైకి ఎత్తారు. కబ్జా దగ్గర టక్కుమని చిన్న శబ్దం వచ్చింది. "దర్వాజ సక్కగ లేకుంట ముంగట ఏం పెట్టినా వంకరే వస్తది సార్" అన్నారు. పై కబ్జా పిన్ను అరిగిపోయి ఉంది. తలుపు వాలిన స్థితిలో దాన్ని ఆధారంగా చేసుకొని మేము ఫెండరు సర్దుతూ వచ్చాం.

కనుక ప్రతి తలుపునూ ఇలా ఎత్తి చూడండి. కబ్జాలో ఆట (వదులు) ఉంటే పిన్ను, బుష్ మార్చిన తరువాతే సర్దుబాటు మొదలుపెట్టండి. వెనుక తలుపును వెనుక బాడీకి, ముందు తలుపును వెనుక తలుపుకు కుదర్చండి. కొత్త రబ్బర్ బీడింగ్ మందంగా ఉండి తలుపును బయటికి నెడుతుంది, కాబట్టి మొదట రబ్బరు లేకుండా సర్ది, తరువాత రబ్బరు వేసి మళ్లీ చూడాలి.

వాలిన తలుపును లేపడానికి కింది కబ్జా వెనుక పలుచని షిమ్ (ఎత్తు కోసం పెట్టే రేకు ముక్క) వేస్తారు. ఇక్కడ చిన్న లెక్క ఉపయోగపడుతుంది. కబ్జాల మధ్య దూరం 40 సెం.మీ., తలుపు పొడవు 1 మీటరు అనుకుంటే, కింది కబ్జా దగ్గర 1 మి.మీ. షిమ్ వేసినప్పుడు తలుపు వెనుక అంచు 2.5 మి.మీ. పైకి లేస్తుంది. అందువల్ల మందపాటి వాషర్లు వేయకుండా అర మి.మీ. రేకు ముక్కలు కత్తిరించి పెట్టుకోవడం మంచిది.

మూడో పని: ఫెండర్లు

పనిముట్ల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. పాత అంబాసిడర్ బోల్టులు చాలావరకు అంగుళాల కొలతలో ఉంటాయి. అర అంగుళం అంటే 12.7 మి.మీ. కాబట్టి 13 నంబరు పానా పెడితే అది వదులుగా తిరిగి బోల్టు తల మూలలను అరగదీస్తుంది. అంగుళాల పానాల సెట్టు ఒకటి దగ్గర ఉంచుకోండి, బోల్టు రంధ్రాల మరలను ట్యాప్‌తో (మరలు కోసే పనిముట్టుతో) శుభ్రం చేసుకోండి.

తలుపు ముందు అంచుకూ ఫెండరు వెనుక అంచుకూ మాస్కింగ్ టేపు రెండు పొరలు అతికించండి. ఇద్దరు మనుషులు ఫెండరును ఎత్తి పట్టుకోగా బోల్టులన్నీ చేతితో రెండు మూడు చుట్లు మాత్రమే ఎక్కించాలి. అన్ని బోల్టులూ ఎక్కాయని తేలే వరకు ఏ ఒక్కదాన్నీ బిగించకూడదు. తరువాత తలుపుకూ ఫెండరుకూ మధ్య కొలత ముక్కలు పెట్టాలి. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే 4 మి.మీ. ప్లైవుడ్‌ను వేలెడంత ముక్కలుగా కోసి, టేపు చుట్టి 5 మి.మీ. చేసుకుంటే సరిపోతుంది. పైన ఒకటి, నడుమ ఒకటి, కింద ఒకటి ఉంచి ఫెండరును వాటికి ఆనించండి.

రంగుకు ముందు 5 మి.మీ. ఎందుకంటే, ప్రైమర్, రంగు కలిసి ఒక్కో అంచు మీద సుమారు 0.15 మి.మీ. పొర చేరుతుంది, పుట్టీ తగిలిన చోట ఇంకొంత చేరుతుంది. ఇప్పటి కార్లలో కనిపించే సన్నని సందు ఈ కారులో తేవాలని ప్రయత్నించవద్దు. ఆ కాలపు కార్లకు సందు ఎంత ఉందన్నదానికన్నా పై నుంచి కింది దాకా ఒకే తీరుగా ఉందా లేదా అన్నదే ముఖ్యం.

ఎత్తు పల్లాలు కూడా చూసుకోవాలి. తలుపు ముందు అంచు ఫెండరుతో సమంగానైనా ఉండాలి, లేదా అర మి.మీ. లోపలికైనా ఉండాలి. బయటికి పొడుచుకొని ఉంటే వేగంలో గాలి తగిలి ఈల వేసినట్టు శబ్దం వస్తుంది. తలుపు తెరిచేటప్పుడు దాని ముందు అంచు ఫెండరు వెనుకకు, లోపలి వైపుకు తిరుగుతుంది. అందువల్ల మొదటిసారి తలుపును అంగుళం అంగుళంగా తెరుస్తూ, ఎక్కడైనా రాసుకుంటోందేమో ఒకరు పక్క నుంచి గమనించాలి. మేము ఈ పరీక్ష చేయకుండానే మొదటిసారి రంగు వేయించాం. తలుపు తెరిచిన మొదటి క్షణంలోనే అంచు మీది రంగు గోరంత ముక్క ఊడి వచ్చింది, కింద తెల్లటి పుట్టీ కనిపించింది.

ఆ పుట్టీ గురించి గట్టిగా చెప్పాలి. బజారులో దొరికే కొత్త ఫెండర్లు కొన్ని అంచు దగ్గర 2, 3 మి.మీ. తక్కువగా ఉంటాయి. ఆ లోటును పుట్టీతో నింపితే తలుపు వేసిన ప్రతిసారీ తగిలే అదురుకు అది పగులుతుంది. అంచు మీద వెల్డింగ్ తీగ కరిగించి పేర్చి, ఆకురాయితో అరగదీసి ఆకారం తేవడమే సరైన పద్ధతి. ఇనుము అంచును ఇనుముతోనే నింపాలి.

సందు కుదిరాక కౌల్ (ముందు అద్దం కింది రేకు) దగ్గరి పై బోల్టు, తరువాత సిల్ దగ్గరి కింది బోల్టు, ఆ తరువాత పై వరుస బోల్టులు వెనుక నుంచి ముందుకు బిగించండి. రేడియేటర్ ప్యానెల్ బోల్టులను మాత్రం వదులుగానే ఉంచండి.

నాలుగో పని: బానెట్

బానెట్ వెడల్పును వెనుక, నడుమ, ముందు మూడు చోట్ల కొలిచి, ప్రతిదానికీ రెండు వైపుల సందు 10 మి.మీ. కలపండి. రెండు ఫెండర్ల మధ్య ఆ మూడు చోట్లా అంతే దూరం ఉండాలి. లేకపోతే వదులుగా ఉంచిన రేడియేటర్ ప్యానెల్ దగ్గర ఫెండర్లను దగ్గరికి గాని దూరానికి గాని జరపవచ్చు.

బానెట్ వెనుక మూలలకు గుడ్డ చుట్టి ఇద్దరు కలిసి కబ్జాల మీద పెట్టాలి. లాక్‌ను మాత్రం ముందే విప్పి పక్కన పెట్టండి. కుదరని బానెట్ లాక్ పడిపోతే తెరవడం చాలా కష్టం. కోలగా ఉండే రంధ్రాలలో బానెట్‌ను ముందుకూ వెనుకకూ జరిపి కౌల్ దగ్గరి సందును, కబ్జాను పైకీ కిందికీ జరిపి వెనుక ఎత్తును సర్దండి. ముందు ఎత్తు బానెట్ ఆనే రబ్బరు బుడిపెల మీద ఆధారపడుతుంది. బుడిపెల మీద ఉసిరికాయంత చపాతీ పిండి ముద్ద పెట్టి, బానెట్‌ను మెల్లగా దించి, ఫెండర్లతో సమంగా ఉండేలా పట్టుకొని ఎత్తండి. నొక్కుకున్న పిండి మందం ఎంత ఉంటే బుడిపె అంత పైకి రావాలి. రెండు వైపులా మందం వేరుగా రావచ్చు, మాకు ఎడమవైపు 3 మి.మీ. ఎక్కువ వచ్చింది.

ఆఖరున లాక్ బిగించి, పిన్నుకు కొద్దిగా గ్రీజు పూసి మూయండి. గ్రీజు మరక రంధ్రానికి ఒకే పక్కన పడితే లాక్ బానెట్‌ను పక్కకు లాగుతోందని తెలుస్తుంది. లాక్ వదిలాక కూడా బానెట్‌ను పట్టి ఉంచే సేఫ్టీ కొక్కెం సరిగ్గా పడుతోందో లేదో చేతితో లాగి చూడకుండా కారును రోడ్డెక్కించవద్దు.

ఈ కొలతలు పొద్దున్నే, నీడలో తీసుకోవాలి. మే నెలలో మన వరంగల్ ఎండకు బానెట్ రేకు నీడలో ఉన్న బాడీకన్నా 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకుంటే, 1.2 మీటర్ల పొడవున అది అర మి.మీ.కు పైగా సాగుతుంది. మధ్యాహ్నం సర్దినది తెల్లవారేసరికి తేడాగా కనిపించడానికి ఇదీ ఒక కారణం.

గ్రిల్, హెడ్‌లైట్ రింగులు, బంపర్ ఆ తరువాతి పని. ఫెండర్లు సరిగ్గా కూర్చుంటే వాటికి ఎక్కువ సమయం పట్టదు.

ఐదో పని: గుర్తులు పెట్టి విప్పడం, రంగు, మళ్లీ బిగింపు

ఇంత శ్రమతో కుదిర్చిన స్థానం రంగు తరువాత మళ్లీ దొరకాలంటే ప్రతి కబ్జా ఆకులోనూ, ఫెండరు అంచులోనూ కింది రేకు దాకా 3 మి.మీ. డ్రిల్లుతో ఒక్కొక్క రంధ్రం చేయండి. తిరిగి బిగించేటప్పుడు అదే డ్రిల్లు బిట్టును రంధ్రంలో గుచ్చి ఉంచి బోల్టులు బిగిస్తే ప్యానెల్ పాత చోటుకే వచ్చి కూర్చుంటుంది.

ఫెండరు వెనుక, తలుపు పిల్లరుకు మధ్య ఉండే లోపలి సందులో మట్టి చేరుతుంది. మన పరకాల, ములుగు వైపు రేగడి మట్టి అక్కడ అతుక్కుంటే వారాల తరబడి తేమ వదలదు. బిగించే ముందే ఆ చోట సీలర్ పట్టించి, నీరు కారే రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో చూసి, లోపల మైనపు పూత కొట్టించండి. కొత్త రంగు వల్ల బోల్టుల దగ్గర ఎర్త్ తెగి హెడ్‌లైట్లు మసకగా వెలిగే అవకాశం కూడా ఉంది, కాబట్టి లైట్లకు విడిగా ఎర్త్ వైరు లాగడం మేలు.

సుమారు వంద కిలోమీటర్లు నడిపిన తరువాత ప్రతి బోల్టునూ మళ్లీ పానాతో తాకి చూడాలి. మేము రామప్ప దాకా వెళ్లి వచ్చిన మరునాడు ప్లైవుడ్ ముక్క పెట్టి చూస్తే కుడి ఫెండరు కింద సందు 1 మి.మీ. తగ్గి ఉంది, సిల్ దగ్గరి బోల్టు పావు చుట్టు వదులైంది. సందు సర్ది, దానికి స్ప్రింగ్ వాషర్ వేసి బిగించాం.