ఫ్రీ డిష్ గొడుగు మీరే బిగించుకోవడం ఎలా?

పోయిన వేసవిలో గుంటూరు బ్రాడీపేటలో మా బాబాయి గారింటికి వెళ్లాను. డాబా మీద కొత్త గొడుగు, కింద హాల్లో మాత్రం నల్లటి తెర. బిగించి నాలుగు రోజులైందట. "స్ట్రెంత్ 86 చూపిస్తోందిరా, బాక్సే పాడైనట్టుంది" అన్నారు బాబాయి. బాక్సు నిక్షేపంలా ఉంది. గొడుగే ఎటో ఖాళీ ఆకాశంలోకి చూస్తోంది. ఇలాంటివి ఏడాదికి పదైనా నా కంటబడుతుంటాయి, అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఇంకా కొందరి డాబాల మీద పాత అల్యూమినియం యాంటెన్నాలు కనిపిస్తుంటాయి. వాటిని దింపేయండి. దూరదర్శన్ నేల మీది అనలాగ్ ట్రాన్స్‌మిటర్లలో వ్యూహాత్మక ప్రాంతాల్లోని 50 దాకా తప్ప మిగతావన్నీ 2022 మార్చి నాటికి ఆపేయాలని ప్రసార భారతి నిర్ణయించింది. కేబుల్‌ని 2011 చట్ట సవరణ దశలవారీగా డిజిటల్ చేసేసింది. నెలనెలా డబ్బు కట్టకుండా టీవీ చూడాలంటే మిగిలిన దారి ఫ్రీ డిష్, అంటే దూరదర్శన్ వాళ్ల ఉచిత ఉపగ్రహ టీవీ. 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో వచ్చింది ఇదే.

సామాను గురించి ఎక్కువ చెప్పను. 60 సెంటీమీటర్ల గొడుగు, ఎల్‌ఎన్‌బీ (గొడుగు ముందు చేతి చివర బిగించే, సిగ్నల్ పట్టే చిన్న డబ్బా), కొత్త రకం ఎంపెగ్-4 బాక్సు, ఆర్‌జీ-6 అనే డిష్ వైరు, దాని చివర్లకు వేసే ఎఫ్ కనెక్టర్లు నాలుగు (కావలసినవి రెండే, మిగతా రెండూ మీరు పాడుచేస్తారు), 10, 13 నంబరు స్పానర్లు, రసమట్టం, సుద్దముక్క. అటక మీద పాత ఎంపెగ్-2 బాక్సు ఉందని దించకండి, దాంట్లో కొన్ని చానళ్లే వస్తాయి. పాత డబ్బా టీవీని మాత్రం పారేయనక్కర్లేదు. బాక్సు నుంచి మూడు రంగుల ఆడియో-వీడియో వైరు వేస్తే అది బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

ఇంకో మాట. మీ ఇంటి మీద సన్ డైరెక్ట్ గొడుగు వాడకుండా పడి ఉంటే, ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు. రెండూ 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీది ఉపగ్రహ స్థానం నుంచే వస్తాయి. గొడుగు కదపకుండా, వైరు తెచ్చి ఫ్రీ డిష్ బాక్సుకు పెట్టి స్కాన్ చేయండి.

బిగించే చోటు

విజయవాడైనా గుంటూరైనా మనకు ఉపగ్రహం ఆకాశంలో 65, 66 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అంటే బాగా పైనే. అడుగు ముందుకు వెళ్తే సిగ్నల్ దారి రెండడుగులకు మించి పైకి లేస్తుంది. కాబట్టి ఎదురుగా పది అడుగుల గోడ ఉన్నా, దానికి ఐదడుగులు ఎడంగా గొడుగు పెడితే ఏ ఇబ్బందీ లేదు. పక్కింటి వాటర్ ట్యాంకు గురించి టెన్షన్ పడేవాళ్లే ఎక్కువ. భయపడాల్సింది కొబ్బరి చెట్టుకి. ఇవాళ అడ్డం రాకపోయినా నాలుగేళ్లకు వస్తుంది.

ఒంటి ఇటుక పిట్టగోడకు బోల్టులు కొట్టొద్దు. మొదటి తుపాను గాలికే గోడతో సహా ఊడుతుంది. స్లాబుకు రంధ్రాలూ వద్దు, వానాకాలంలో కింద బెడ్‌రూములో కారుతుంది. అడుగున్నర చదరాన సిమెంటు దిమ్మ పోసి, అందులో బోల్టులు నాటి, వారం తడిపి, అప్పుడు స్టాండు బిగించండి. ఇంత హంగామా ఎందుకని అందరూ నవ్వుతారు. నేను పోసిన దిమ్మ ఒక్కటీ ఇంతవరకూ కదల్లేదు.

స్టాండు పైపు నిటారుగా ఉండాలి. రసమట్టం రెండు వైపులా పెట్టి చూడండి. పైపు ఒరిగి ఉంటే, గొడుగు పక్కకి తిప్పిన ప్రతిసారీ ఎత్తు కూడా మారిపోతుంది. రెండు లెక్కలూ ఒకేసారి తప్పితే సాయంత్రం దాకా డాబా మీదే.

వైరు చివర కనెక్టరు వేసేటప్పుడు మధ్య రాగి తీగ అంచు దాటి రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. చుట్టూ ఉండే జాలీ తీగల్లో ఒక్క పోగు దానికి తగిలినా షార్టు. ఈ వైరులోనే బాక్సు నుంచి ఎల్‌ఎన్‌బీకి 13 లేదా 18 వోల్టుల కరెంటు వెళ్తుంది. అందుకే కనెక్టర్లు బిగించేది బాక్సు ప్లగ్గు పీకేశాకే.

అసలు పని: దిశ కుదర్చడం

పని అంతా ఇక్కడే చెడుతుంది. తెల్లారి ఆరింటికి మొదలుపెట్టండి. బెజవాడ ఎండలో తొమ్మిది దాటాక స్లాబు మీద కాలు పెట్టలేరు, తొందరలో బిగించిన గొడుగు మళ్లీ విప్పక తప్పదు.

దిక్కు ఆగ్నేయం. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే ఉత్తరం నుంచి 141 డిగ్రీలు. విజయవాడలో నిలబడితే అది బందరు వైపు కాదు, దానికి కుడిగా, చల్లపల్లి వైపు. గుంటూరులో అయితే రేపల్లె దిక్కుకీ పొన్నూరు దిక్కుకీ మధ్యన. ఫోన్ కంపాస్ వాడొచ్చు కానీ స్టాండు పక్కన నిలబడి కాదు. ఇనుము దగ్గర అది ఏదో ఒకటి చెబుతుంది. మెట్ల రెయిలింగుకూ స్టాండుకూ పది అడుగుల దూరంలో నిలబడి, 141 చూసుకుని, నేల మీద సుద్దతో పొడుగ్గా గీత గీయండి. ఆ గీతకు సమాంతరంగా స్టాండు దగ్గర ఇంకోటి గీయండి.

పక్కింటి గొడుగు చూసి మీది తిప్పేయకండి. టాటా ప్లే 83 డిగ్రీల నుంచి వస్తుంది కాబట్టి ఆ గొడుగు దాదాపు దక్షిణం చూస్తుంది. ఎయిర్‌టెల్‌ది 108 డిగ్రీలు, అది బాగా తూర్పుకి తిరిగి ఉంటుంది. నాలుగు గొడుగులు నాలుగు వైపులకు ఉంటే వాటిలో మూడు తప్పని కాదు.

ఇప్పుడు ఎత్తు. 65 డిగ్రీలనగానే గొడుగుని దాదాపు ఆకాశానికి వెల్లకిలా పడుకోబెట్టేస్తారు. మనం వాడేది ఆఫ్‌సెట్ గొడుగు. దాని ముఖం చూసే వైపు ఒకటి, సిగ్నల్ పట్టే వైపు ఇంకోటి. సిగ్నల్ దాని ముఖం కన్నా 25 డిగ్రీల దాకా పైనుంచి దిగి, కింద చేతి చివరున్న ఎల్‌ఎన్‌బీలో పడుతుంది. కాబట్టి ముఖం 40 డిగ్రీల ప్రాంతంలో వాలి ఉంటే చాలు. గొడుగు వెనక క్లాంపు మీద అంకెలుంటే అవి ఈ తేడా లెక్కేసి ముద్రించినవే, అక్కడ మాత్రం 65 మీదే పెట్టండి. ఈ రెండూ కలిపేసుకుని అంకె దగ్గర 40 పెట్టిన మహానుభావులున్నారు. అలా చూస్తే సముద్రం మీది మబ్బులు తప్ప ఏమీ దొరకవు.

ఇప్పుడు బాక్సు ఆన్ చేసి యాంటెన్నా సెట్టింగులో జీశాట్-15, 93.5 ఎంచుకోండి. ఎల్‌ఎన్‌బీ రకం యూనివర్సల్, అంటే 9750-10600. ఫ్రీక్వెన్సీ 11090, పోలరైజేషన్ వర్టికల్, సింబల్ రేటు 29500. తెర మీద రెండు గీతలు కనిపిస్తాయి, స్ట్రెంత్, క్వాలిటీ.

స్ట్రెంత్ గీతని మర్చిపోండి. వీలైతే దాని మీద కాగితం అంటించండి. ఎల్‌ఎన్‌బీకి కరెంటు అందుతోందనీ, వైరు తెగలేదనీ తప్ప అది చెప్పేది పెద్దగా ఏమీ లేదు. గొడుగుని పెరట్లో వేపచెట్టు వైపు తిప్పినా 70, 80 చూపిస్తుంది. బాబాయి గారి 86 అదే. ఆ గొడుగు బిగించిన కుర్రాడు స్ట్రెంత్ చూపించి, డబ్బు తీసుకుని, "సాయంత్రానికి చానళ్లు వచ్చేస్తాయండి" అని వెళ్లిపోయాడట. సాయంత్రానికి రావడానికి అవేం చుట్టాలు కాదు. క్వాలిటీ సున్నా దాటితేనే మనం ఉపగ్రహాన్ని పట్టుకున్నట్టు.

ఇక్కడ పాత అలవాటు కొంప ముంచుతుంది. అనలాగ్ రోజుల్లో ఒకరు పైన యాంటెన్నా తిప్పుతుంటే ఇంకొకరు కిటికీలోంచి "వచ్చింది, వచ్చింది, ఆఁ పోయింది" అని అరిచేవారు. సిగ్నల్ సగం వస్తే బొమ్మ కూడా సగం వచ్చేది, చుక్కల మధ్య మనిషి కనిపించేవాడు, చుక్కలు తగ్గే వైపు తిప్పుకుంటూ పోయేవాళ్లం. డిజిటల్‌లో ఆ దయ లేదు. చాలినంత సిగ్నల్ ఉంటే అద్దంలాంటి బొమ్మ, కొంచెం తగ్గితే గళ్లుగళ్లు, ఇంకొంచెం తగ్గితే నలుపు. దగ్గర్లో ఉన్నామో దూరంగా ఉన్నామో ఆ నలుపు చెప్పదు. పైగా సిగ్నల్ దొరికాక కూడా దాన్ని గుర్తుపట్టడానికి బాక్సుకు రెండు మూడు సెకన్లు పడుతుంది. పాత యాంటెన్నాలా గబగబా తిప్పితే ఉపగ్రహాన్ని దాటి వెళ్లిపోతారు, దాటిన సంగతి కూడా తెలియదు.

కాబట్టి ఇలా చేయండి. ఎత్తు 65 దగ్గర ఉంచి, ఆ నట్లు సగం బిగించండి. గొడుగుని సుద్ద గీతకు ఎడమగా ఒక జానెడు తిప్పి, అక్కడి నుంచి కుడికి కదపడం మొదలుపెట్టండి. ఒక్కో జరుపు గొడుగు అంచు దగ్గర అర సెంటీమీటరు, అంటే మీ చిటికెన వేలి గోరంత. జరిపి, చేతులు తీసేసి, ఐదు అంకెలు లెక్కపెట్టండి. చేతులు తీయడం ముఖ్యం, పట్టుకున్నప్పుడు వచ్చి వదిలితే పోయే సిగ్నల్ మనకెందుకు? గీత దాటి కుడికి జానెడు వెళ్లినా క్వాలిటీ రాకపోతే, ఎత్తు రెండు డిగ్రీలు మార్చి మళ్లీ ఎడమ నుంచి రండి. ఓపిక లేనివాళ్లు ఎత్తు, పక్క రెండూ ఒకేసారి కదుపుతారు. వాళ్లని నేను మధ్యాహ్నం రెండింటికి కూడా డాబా మీదే చూశాను.

అర సెంటీమీటరుకి ఇంత రాద్ధాంతమా అంటారేమో. ఈ గొడుగు చూపు వెడల్పు సుమారు మూడు డిగ్రీలే. అంచు దగ్గర సెంటీమీటరు జరిగితే దాదాపు రెండు డిగ్రీలు పక్కకి పోయినట్టు. డిష్ టీవీ ఉపగ్రహం 95 డిగ్రీల దగ్గర, మన దానికి డిగ్రీన్నర పక్కనే ఉంది.

కింద ఎవరినో పెట్టి అరిపించడం మానండి. నేనైతే బాక్సునీ చిన్న టీవీనీ ఎక్స్‌టెన్షన్ బోర్డుతో డాబా మీదికే తీసుకెళ్తాను. కుదరకపోతే టీవీ ముందు ఒక ఫోన్ నిలబెట్టి వీడియో కాల్ పెట్టుకోండి. అప్పుడు ఐదు కాదు, ఎనిమిది లెక్కపెట్టాలి. కీచుమని కూసే చవక ఫైండర్ మీటర్లు నాకు నచ్చవు. అవి ఏ ఉపగ్రహానికైనా ఒకేలా కూస్తాయి.

క్వాలిటీ కనిపించాక సంబరపడి బిగించేయకండి. అటు ఇటు వెంట్రుకవాసి కదిపి ఎక్కువ ఎక్కడొస్తుందో చూడండి, తర్వాత ఎత్తుకీ అంతే. చివర్లో ఎల్‌ఎన్‌బీని దాని పట్టులోనే మెల్లగా తిప్పండి. ఉపగ్రహం మనకు నేరుగా దక్షిణాన లేదు కాబట్టి దాని సిగ్నల్ నిలువు (సెట్టింగులో వర్టికల్ అన్నది) మన నిలువుతో కలవదు. ఎల్‌ఎన్‌బీని నిటారుగా వదిలేస్తే ఎండ రోజు బాగానే వస్తుంది, మబ్బు పట్టగానే గళ్లు పడతాయి. ఎక్కువ మంది చేయనిది ఈ ఒక్క పనే. "వానకి సిగ్నల్ పోతోంది" అని నన్ను పిలిచిన ఇళ్లలో సగం ఇళ్లకి దీంతోనే సరిపోయింది. కుండపోత వానకి ఎలాగూ పోతుంది, దానికి మందు లేదు.

నట్లు ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి, ఒకే వైపు లాగితే గొడుగు ఒరుగుతుంది. బిగించేంతసేపూ క్వాలిటీ మీదే కన్నుండాలి. అయ్యాక మార్కర్‌తో పైపు మీదా క్లాంపు మీదా కలిపి ఒక గీత గీయండి. కోతి ఊపినా గాలి ఊపినా మళ్లీ ఆ గీత కలిపితే చాలు. వైరు ఎల్‌ఎన్‌బీ దగ్గర కిందికి వేలాడేలా ఒక వంపు వదలండి, నీళ్లు వైరు వెంట పాకి కనెక్టర్లోకి పోకుండా అక్కడే కారిపోతాయి.

మిగిలింది ఆటో స్కాన్. విజయవాడ నుంచి వచ్చే సప్తగిరి దొరికిందంటే సరిగ్గానే ఉన్నట్టు. ప్రైవేటు చానళ్లకు చోటు ప్రసార భారతి ఈ-వేలంలో అమ్ముతుంది కాబట్టి జాబితా మారుతూ ఉంటుంది. చానల్ కనిపించకపోతే గొడుగు ముట్టుకోకండి, మళ్లీ స్కాన్ చేయండి.

మార్చి రెండో వారం చివర్లో, సెప్టెంబరు ఆఖర్లో మాత్రం కొన్ని రోజులు పొద్దున పదకొండు ప్రాంతంలో కొద్ది నిమిషాలు బొమ్మ పోతుంది. ఆ వేళకు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు, సూర్యుడి నుంచి వచ్చే రేడియో రొదలో సిగ్నల్ మునిగిపోతుంది. అప్పుడు ఇంట్లో ఎవరైనా స్పానర్ పట్టుకుని డాబా ఎక్కబోతే ఆపి, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టండి.