నూనె టీకా వేసినా కొక్కెర తెగులు తగ్గడం లేదా?

గుడ్లకొచ్చే ముందు, 16-18 వారాల వయసులో లేయర్ పెట్టలకు కొక్కెర తెగులు (రాణిఖేత్) రాకుండా నూనె కలిపిన కిల్డ్ టీకా వేయిస్తాం. అందులో చంపిన వైరస్ ఒక్కటే ఉంటే కోడి ఒంట్లో పెద్దగా స్పందన రాదు. పక్కన ఉన్న నూనే అడ్జువెంట్, అంటే టీకా స్పందనను పెంచేది. అది వైరస్‌ను చర్మం కింద ఆపి మెల్లమెల్లగా వదులుతుంది, రక్షణ కణాలను అక్కడికి రప్పిస్తుంది. టీకా ఫెయిలైందంటే ముందు ఆ నూనెకు ఏమైందో చూడాలన్నది నా గట్టి అభిప్రాయం.

సీసా అడుగున నీళ్లు విడిపోయాయి, కుదిపినా కలవడం లేదు

టీకా గడ్డకట్టి కరిగింది. ఫ్రీజర్ గోడకు ఆనించినా, ఐస్ ప్యాక్ నేరుగా తగిలినా ఇదే జరుగుతుంది. ఎంత ఖరీదైనా పారేయండి. ఉండాల్సింది 2 నుంచి 8 డిగ్రీల మధ్య. ఫ్రిజ్‌లో థర్మామీటర్ పెట్టండి, ఐస్‌కూ సీసాకూ మధ్య అట్టముక్క వేయండి.

హెచ్ఐ పరీక్షలో (రక్తంలో యాంటీబాడీలు కొలిచేది) కొన్ని కోళ్లకు టైటర్ (యాంటీబాడీల స్థాయి) బాగుంది, కొన్నింటికి దాదాపు లేదు

ఇది ఎక్కువగా చేతి పనిలో లోపం. చల్లటి నూనె చిక్కగా ఉండి సిరంజిలోకి సరిగా రాదు, డోసు తగ్గిపోతుంది. హడావిడిలో సూది చర్మం దాటి బయటికొస్తే మందు ఈకల పాలవుతుంది. కొన్ని గంటల ముందే సీసాలు బయటపెట్టి గది వేడికి రానివ్వండి, వేడినీళ్లలో మాత్రం ముంచొద్దు. వేసేటప్పుడు మధ్యమధ్యలో కుదపండి. సిరంజి లేబుల్‌పై ఉన్న డోసే వదులుతోందా అని కొలిచి చూడండి. టీకాలు వేసేవాళ్లను తొందరపెట్టకండి. మెడ ఈకలు తడిగా ఉన్న కోళ్లు కనబడితే అక్కడే ఆపి సరిచేయండి.

అన్ని కోళ్లకూ టైటర్ సమానంగా తక్కువ

ముందు లైవ్ టీకాలు (బతికున్న బలహీన వైరస్‌తో చేసేవి) సరిగా పడలేదేమో చూడండి. లాసోటా, ఆర్2బి అనే లైవ్ టీకాలతో పునాది వేశాకే కిల్డ్ టీకా బాగా పట్టుకుంటుంది. పైగా గొంతు, శ్వాసనాళం పొరల మీద రక్షణ లైవ్ టీకాతోనే బాగా వస్తుంది. లాసోటాను నీళ్లలో ఇచ్చేటప్పుడు క్లోరిన్ ఉంటే వైరస్ చచ్చిపోతుంది. ఇవన్నీ సరిగ్గా ఉంటే రోగనిరోధక శక్తిని దెబ్బతీసే గంబోరో వ్యాధిని, మొక్కజొన్నలోని అఫ్లాటాక్సిన్‌ను (బూజు విషాన్ని) అనుమానించాలి. దాణా శాంపిల్‌ను ల్యాబ్‌కు పంపండి.

తల, ముఖం వాచాయి

సూది తలకు మరీ దగ్గరగా పడింది. మెడ మధ్య భాగంలో, వెనకవైపు చర్మం ఎత్తి వేయాలి.

టైటర్లు బాగున్నా కోళ్లు గుంపులుగా చస్తున్నాయి

బర్డ్ ఫ్లూ కావొచ్చు. లక్షణాలు కొక్కెర తెగులులాగే ఉంటాయి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బయటపడింది అదే. చచ్చిన కోళ్లను మీరే కోయకండి, వెంటనే పశువైద్యాధికారికి చెప్పండి.

టీకా వేసేవాళ్ల వేలికి సూది గుచ్చుకుంది

కొద్ది నూనె లోపలికి పోయినా వేలు పోయే ప్రమాదముంది. నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, సీసా లేబుల్ డాక్టరుకు చూపించండి.